పత్తి కూడా గ్లూకోజే: జీర్ణ ఎంజైములు చక్కెరను ఎలా గుర్తుపడతాయి

(కర్నూలులో డిగ్రీ విద్యార్థులకు, ఆసక్తిగల పట్టణవాసులకు ఏర్పాటైన సభలో జీవరసాయన శాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

జీర్ణ ఎంజైములు ఒక్కొక్కటి ఒక్కో రకం చక్కెర మీదనే ఎందుకు పనిచేస్తాయి అన్న అంశం మీద మాట్లాడమని నన్ను అడిగారు. పాఠ్యపుస్తకంలో దీనికి రెండు వాక్యాల జవాబు ఉంది. ఎంజైము బీగం వంటిది, చక్కెర బీగంచెవి వంటిది, సరిపడిన చెవికే బీగం తెరుచుకుంటుంది అని ఆ జవాబు. ముప్పై ఏళ్ళకు పైగా తరగతి గదిలో ఈ రెండు వాక్యాలు నేనూ చెప్పాను, పరీక్షల్లో వాటికి మార్కులూ వేశాను. అయితే ఆ జవాబు తడుముకోకుండా చెప్పిన విద్యార్థిని నిలబెట్టి, "ఆ చెవికి పళ్ళు ఎక్కడున్నాయో బోర్డు మీద చూపించు" అని అడిగితే, నూటికి తొంభై మంది సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయేవారు. తప్పు వాళ్ళది కాదు, ఉపమానం చెప్పి పాఠం ముగించిన మాది. ఈ పూట ఆ పళ్ళు చూపించడానికే ప్రయత్నిస్తాను.

ముందుగా ఒకసారి ఆదోని దాకా వెళ్ళివద్దాం. పత్తి సీజనులో ఆ ఊరి మార్కెట్ యార్డు చూసినవారికి అక్కడ గుట్టలు పోసిన పత్తి గుర్తుండే ఉంటుంది. గింజ తీసిన దూదిలో 90 శాతానికి పైగా ఉండేది సెల్యులోజు అనే ఒకే ఒక పదార్థం. ఆ సెల్యులోజును విప్పుకుంటూ పోతే చివరికి మిగిలేది గ్లూకోజు మాత్రమే. కిలో దూదిని పూర్తిగా విడగొట్టగలిగితే దాదాపు కిలో గ్లూకోజు చేతికి వస్తుంది, అదీ ఆసుపత్రిలో సీసాలో ఎక్కించే గ్లూకోజుకు ఒక్క అణువు తేడా లేనిది. మన కర్నూలు సోనా బియ్యంలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉండే పిండిపదార్థమూ గ్లూకోజు దండే. దాని సంగతి అందరికీ తెలుసు, రెండు ముద్దలు తింటే ప్రాణం లేచివస్తుంది. అదే దూది మింగితే మింగింది మింగినట్టే బయటికి పోతుంది. రెండింటిలోనూ సరుకు ఒకటే అయినప్పుడు మన పేగు ఒకదాన్ని ఆదరించి, రెండోదాన్ని వాకిట్లోంచే ఎందుకు పంపేస్తోంది?

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే జొన్న చేను చూడండి. ఒకే మొక్క, ఒకే ఆకు ఎండలో తయారుచేసిన ఒకే గ్లూకోజు. కంకిలోకి పోయినది పిండిపదార్థమై మనకు రొట్టె అవుతుంది, దంటులోకి పోయినది సెల్యులోజై ఎద్దుకు చొప్ప అవుతుంది. గింజ మనిషికీ చొప్ప పశువుకూ అని మన పెద్దలు చేసుకున్న పంపకానికి అడుగున ఉన్నది రెండు గ్లూకోజు అణువుల మధ్య బంధం ఏ వైపు తిరిగి ఉందన్న ఒక్క తేడా. పైగా చొప్పను అరిగించుకునే ఎంజైము ఎద్దుకు కూడా సొంతంగా లేదు. దాని కడుపులోని పెద్ద సంచిలో కాపురమున్న సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. ఎద్దు వాటికి ఇల్లూ మేతా ఇస్తుంది, అవి పులియబెట్టి వదిలిన కొవ్వు ఆమ్లాలతో తన బతుకు వెళ్ళదీస్తుంది.

ఈ వివక్ష చక్కెరల స్వభావంలో ఉందా, ఎంజైములోనే ఉందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. 1811లో కిర్కాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త పిండిని సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీటిలో మరిగించి తియ్యటి పాకం తీశాడు. 1819లో బ్రాకొనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అదే ఆమ్లంతో నారబట్ట పీలికల నుంచీ రంపపు పొట్టు నుంచీ చక్కెర తీసి చూపించాడు. బట్టను ముందు గాఢమైన ఆమ్లంలో నానబెట్టాల్సి వచ్చిన మాట నిజమే గానీ, చివరికి ఆమ్లానికి బియ్యమూ బట్టా ఒకటే అయ్యాయి. ఆమ్లం ఏ బంధమైనా కోసేస్తుంది. ఎంపిక చేసేది ఎంజైము ఒక్కటే. కాబట్టి మనం వెతకవలసిన పళ్ళు చక్కెరలోనూ, వాటికి సరిపడిన గాడి ఎంజైములోనూ రెండు చోట్లా ఉండాలి.

ఇప్పుడు కాస్త రసాయనం తప్పదు. గ్లూకోజులో ఆరు కార్బనులు ఉంటాయి. వాటిలో ఐదు, ఒక ఆక్సిజనుతో చేయి కలిపి ఆరు మూలల ఉంగరంగా కూర్చుంటాయి, ఆరో కార్బను ఉంగరానికి బయట వేలాడుతుంది. ఉంగరంలోని మొదటి నాలుగు కార్బనులకూ, బయట వేలాడే ఆరో కార్బనుకూ ఒక్కో హైడ్రాక్సిల్ సమూహం, అంటే ఒక ఆక్సిజను, దానికి అంటుకున్న ఒక హైడ్రోజను, చిన్న చేయిలాగా బయటికి పొడుచుకుని ఉంటుంది. గ్లూకోజు అణువులో ఈ చేతులు దాదాపు అన్నీ ఉంగరం అంచు వెంట పక్కలకు చాచి ఉంటాయి. నాలుగో కార్బను మీది చేయిని మాత్రం పక్కకు కాకుండా నిలువుగా పైకి తిప్పారనుకోండి, అది గ్లూకోజు కాకుండా పోయి గెలాక్టోజు అవుతుంది. కార్బనుల లెక్కా, ఆక్సిజనుల లెక్కా, బరువూ ఏదీ మారలేదు, ఒక చేయి మాత్రమే మరో దిక్కుకు చాచింది. పాలలోని చక్కెర కథంతా ఆ ఒక్క చేయిలో ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఒకటో కార్బను మీది చేయికి మరో ప్రత్యేకత ఉంది. గ్లూకోజు నీటిలో ఒంటరిగా ఉన్నంతసేపు ఆ చేయి ఒకసారి కిందికి, ఒకసారి పక్కకు మారుతూనే ఉంటుంది. మరో చక్కెరతో జతకట్టిన క్షణాన అది ఏ దిక్కులో ఉంటే ఆ దిక్కులో స్థిరపడిపోతుంది. కిందికి తిరిగి జతకడితే ఆల్ఫా బంధం అంటాం, పక్కకు తిరిగి జతకడితే బీటా బంధం అంటాం. పిండిపదార్థంలో ఒక గ్లూకోజు ఒకటో కార్బను, పక్క గ్లూకోజు నాలుగో కార్బనుతో ఆల్ఫా బంధం వేసుకుంటుంది. సెల్యులోజులోనూ అదే ఒకటో కార్బను, అదే నాలుగో కార్బను, కాని బంధం బీటా.

ఈ చిన్న మార్పు దండ మొత్తాన్ని మార్చేస్తుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు మల్లెమాల కట్టడం చూసే ఉంటారు: రెండు పూలు ఇటు తల, రెండు పూలు అటు తల పెట్టి కడితే మాల వంకర పోకుండా తిన్నగా సాగుతుంది, పూలన్నిటి తలలూ ఒకే వైపు పెట్టి కడితే మాల ఒక పక్కకు ఒంగి చుట్టుకుంటుంది. బీటా బంధంలో ప్రతి గ్లూకోజూ తన పక్కదానికి తలకిందులుగా కూర్చుంటుంది కాబట్టి సెల్యులోజు దండ బద్దలాగా తిన్నగా ఉంటుంది. అలాంటి బద్దలు వందల కొద్దీ పక్కపక్కన చేరి, ఒకదాని చేతులు మరొకటి పట్టుకుని, మధ్యలోకి నీటి చుక్క కూడా దూరనంత బిగువుగా నారలవుతాయి. ఆల్ఫా బంధంలో అన్నీ ఒకే తీరుగా కూర్చుంటాయి కాబట్టి పిండిపదార్థపు దండ మెలి తిరుగుతుంది, సుమారు ఆరు గ్లూకోజులకు ఒక చుట్టు పడుతుంది. అన్నం మెతుకు మీద అయోడిను చుక్క వేస్తే ముదురు నీలం రంగు వస్తుందని ఎనిమిదో తరగతిలోనే చదువుకున్నారు కదా, ఆ రంగు అయోడిను ఈ చుట్ల నడుమ బొరియలో వరుసగా ఇరుక్కోవడం వల్ల వచ్చేదే. దూది మీద ఆ చుక్క అలా నీలం తిరగదు.

ఇప్పుడు బీగం వైపు వద్దాం. ఎంజైము ఒక మాంసకృత్తి. వందల అమైనో ఆమ్లాల గొలుసు తనలో తాను ముడుచుకుని ఉండలాగా తయారవుతుంది, ఆ ఉండ మీద ఒకచోట ఒక గాడి పడుతుంది. మన లాలాజలంలోనూ, క్లోమగ్రంథి నుంచి వచ్చే రసంలోనూ ఉండే అమైలేజు గాడి రెండు కొసలా తెరిచిన కాలువ వంటిది. అందులో సుమారు ఐదు గ్లూకోజులు వరుసగా పడుకోగలవు. కాలువ గోడల మీద ఉన్న అమైనో ఆమ్లాల కొసలు, గ్లూకోజు చాచిన ఒక్కొక్క చేతినీ హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటాయి. ఒక్కో పట్టు చాలా బలహీనమైనది. నాలుగైదు చేతులు ఒకేసారి సరైన చోట దొరికితే తప్ప అణువు ఆ కాలువలో నిలవదు. చెవికి పళ్ళు ఎక్కడున్నాయన్న ప్రశ్నకు జవాబు ఇదే: చక్కెర మీది హైడ్రాక్సిల్ చేతులే ఆ పళ్ళు.

పట్టుకోవడం సగం పనే, కోయడం మిగతా సగం. కాలువ అడుగున ఎదురెదురుగా రెండు మూడు ఆమ్ల గుణం గల అమైనో ఆమ్లాలు కాపు కాస్తుంటాయి. వాటిలో ఒక ఆమ్లం, రెండు గ్లూకోజుల మధ్యనున్న ఆక్సిజనుకు ఒక హైడ్రోజనును అందించి ఆ ముడిని వదులు చేస్తుంది, మరొకటి అవతలి వైపు నుంచి ఒకటో కార్బనును తాకి ముడి తెంపుతుంది, తర్వాత ఒక నీటి అణువు వచ్చి ఖాళీ అయిన చోటు భర్తీ చేస్తుంది. ఎంజైము లేకుండా ఇలాంటి బంధాన్ని మామూలు నీటిలో వదిలేస్తే, అందులో సగం తెగడానికి లక్షల సంవత్సరాలు పడుతుందని లెక్కలు కట్టారు. అమైలేజు దాన్ని సెకనులో చిన్న భాగంలో తెంపుతుంది. ఆ వేగమంతా ఆ రెండు ఆమ్లాలూ ముడికి సరైన దూరంలో, సరైన వైపున ఉండటం వల్లనే వచ్చింది. బీటా బంధంలో ఆ ముడి వేరే దిక్కుకు తిరిగి ఉంటుంది. సెల్యులోజు దండ ఎలాగో కాలువ దాకా వచ్చిందనుకున్నా, తిన్నని బద్ద ఆ వంపులో ఇమడదు, కోయవలసిన ముడి కత్తికి అందదు. అమైలేజుకు దూది మీద కోపమేమీ లేదు, చేయి అందదు అంతే.

ఈ సంగతిని ఎంజైము ఆకారం ఎవరూ చూడని రోజుల్లోనే ఊహించిన మనిషి జర్మనీకి చెందిన ఎమిల్ ఫిషర్. ఆయన గ్లూకోజుకు మిథైల్ సమూహాన్ని, అంటే ఒక కార్బను, మూడు హైడ్రోజనుల చిన్న ముక్కను, తగిలించి రెండు పదార్థాలు తయారుచేశాడు. ఒకదానిలో బంధం ఆల్ఫా, రెండోదానిలో బీటా, మిగతాదంతా ఒకటే. ఈస్టు నుంచి తీసిన రసం మొదటిదాన్ని కోసింది, రెండోదాన్ని ముట్టలేదు. చేదు బాదం గింజల నుంచి తీసిన ఎమల్సిన్ అనే ఎంజైము సరిగ్గా దానికి తిరగేసి చేసింది. 1894లో ఆ ఫలితాలు ప్రకటిస్తూనే ఆయన తాళం, తాళంచెవి ఉపమానం వాడాడు. చక్కెరల మీద, ప్యూరీన్లనే నైట్రోజను పదార్థాల మీద చేసిన కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎంజైము మాంసకృత్తి అని కూడా అప్పటికి తేలలేదన్నది గుర్తుంచుకుంటే ఆ ఊహ ఎంత సాహసమో తెలుస్తుంది. ఎంజైము గాడిని స్ఫటికంలో మొదటిసారిగా చూడగలిగింది 1965లో, లండనులో డేవిడ్ ఫిలిప్స్ బృందం లైసోజైము నిర్మాణం తేల్చినప్పుడు. కోడిగుడ్డు తెల్లసొనలోనూ మన కన్నీళ్ళలోనూ ఉండే ఆ ఎంజైము కూడా చక్కెర దండలనే, బాక్టీరియా గోడలోని దండలనే, కోస్తుంది. ఆరు చక్కెరలు పట్టే పగులు అందులో స్పష్టంగా కనిపించింది.

బీగం ఉపమానంలో ఒక లోపం ఉంది, దాన్ని 1958లో అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త డేనియల్ కోష్‌లాండ్ సరిదిద్దాడు. బీగం ఇనుము, కదలదు. ఎంజైము కదులుతుంది, చక్కెర వచ్చి కూర్చున్నాక గాడి దాని చుట్టూ కొంత బిగుస్తుంది, చేయి దూర్చాక తొడుగు చేతి రూపం తెచ్చుకున్నట్టు. ఇంతకంటే దీని మీద ఆగను.

పాఠ్యపుస్తకాలు సరిగా చెప్పని మరో సంగతి దగ్గర మాత్రం ఆగుతాను. "సుక్రేజు సుక్రోజును కోస్తుంది" అని రాస్తాం. సుక్రోజు అంటే మనం టీలో వేసుకునే పంచదార, ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు చేయి కలిపినది. అయితే సుక్రేజు నిజంగా పంచదారను గుర్తుపడుతోందా? మన చిన్నపేగు గోడకు అంటుకుని ఉండే సుక్రేజు పట్టుకునేది గ్లూకోజు కొసను. ఈస్టులో ఉండే ఇన్వర్టేజు అదే పంచదారను ఫ్రక్టోజు కొస నుంచి పట్టుకుంటుంది. ఇద్దరూ కోసేది ఒకే బంధాన్ని, ఫలితమూ ఒకటే, కనుక పంచదార ఒక్కటే పెట్టి చూస్తే ఇద్దరి మధ్య తేడా ఎన్నటికీ బయటపడదు. ఆ తేడాను మన అలసందలూ ఉలవలూ బయటపెడతాయి.

పప్పుగింజల్లో రాఫినోజు అనే చక్కెర ఉంటుంది. అది మరేమీ కాదు, పంచదారలోని గ్లూకోజుకు ఆరో కార్బను దగ్గర ఒక గెలాక్టోజు తోక తగిలించినది. రెండు తోకలుంటే స్టాకియోజు. ఇన్వర్టేజుకు రాఫినోజు ఇస్తే నిక్షేపంగా కోస్తుంది, ఎందుకంటే అది పట్టుకునే ఫ్రక్టోజు కొస ఖాళీగానే ఉంది. మన సుక్రేజుకు ఇస్తే కోయలేదు, ఎందుకంటే అది పట్టుకోవలసిన గ్లూకోజు వీపున గెలాక్టోజు మూట ఉంది, ఆ మూటతో గాడిలోకి దూరలేదు. లోపల ఉన్నది అదే పంచదార, అదే బంధం. ముందుగా ఆ తోక కోసేస్తే దారి సుగమమయ్యేది, కాని ఆ పనికి కావలసిన ఆల్ఫా గెలాక్టోసిడేజు మన చిన్నపేగులో లేదు. కాబట్టి రాఫినోజు చెక్కుచెదరకుండా పెద్దపేగు చేరుతుంది, అక్కడి బాక్టీరియా దగ్గర ఆ ఎంజైము ఉంది, అవి విందు చేసుకుని హైడ్రోజను, కార్బన్ డయాక్సైడు, కొందరిలో మీథేను వదులుతాయి. ఉలవగుగ్గిళ్ళు తిన్న రాత్రి ఏమవుతుందో ఈ సభలో వివరించనక్కరలేదు.

మా అవ్వ అలసందలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసేది, లేకుంటే మొలకెత్తించి వండేది. నానబెట్టిన నీటిలోకి ఈ చక్కెరలు కొంత దిగిపోతాయి. మొలకెత్తే గింజ తన ఆహారం కోసం ఆల్ఫా గెలాక్టోసిడేజును తానే తయారుచేసుకుని రాఫినోజును ఖర్చుపెట్టేస్తుంది. మనకు లేని ఎంజైమును గింజ చేత పని చేయించుకోవడం అది. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించి బిడ్డలకు జావ కాయడంలోనూ ఇదే ఉపాయం ఉంది: మొలకలో పుట్టిన అమైలేజు పిండిపదార్థాన్ని ముందే కొంత కోస్తుంది కాబట్టి జావ పలచబడి, ఎక్కువ పిండి పట్టించినా బిడ్డ తాగగలుగుతుంది. కర్నూలు ఉల్లిగడ్డల సంగతీ చెప్పి వదిలేస్తాను. ఉల్లిలో ఫ్రక్టోజుల దండలు ఉంటాయి, వాటిని తెంపే ఎంజైము మనకు లేదు, అవి కూడా పెద్దపేగు వాటాకే పోతాయి.

దీన్నిబట్టి ఎంజైముల ఎంపికకు అంతస్తులున్నాయని గ్రహించాలి. బంధం ఆల్ఫానా బీటానా అన్న దగ్గర అవి దాదాపు రాజీపడవు. బంధానికి ఒక పక్కన తాము పట్టుకునే చక్కెర దగ్గర చాలా పట్టింపుగా ఉంటాయి. రెండో పక్కన ఏముందన్న దగ్గర ఉదారంగా ఉంటాయి. అందుకే మన సుక్రేజు పంచదారతోపాటు రెండు గ్లూకోజుల జంట అయిన మాల్టోజునూ కోస్తుంది, అక్కడ పక్కనున్నది ఫ్రక్టోజు అయినా గ్లూకోజు అయినా దానికి అభ్యంతరం లేదు. "ఒక ఎంజైము, ఒక చక్కెర" అని మేము నేర్పిన సూత్రం కంఠస్థానికి అనువైనదే గాని పూర్తి సత్యం కాదు. పట్టింపు ఎక్కడుందో చూపించే మరో ఉదాహరణ, చిన్న పొట్లాల్లో అమ్మే సుక్రలోజు. పంచదారలోని మూడు హైడ్రాక్సిల్ చేతులు తీసేసి వాటి చోట క్లోరిన్ పెడితే అది వస్తుంది. నాలుక దాన్ని పంచదార కంటే సుమారు 600 రెట్లు తీపిగా భావిస్తుంది, సుక్రేజు మాత్రం దాన్ని ముట్టదు. నాలుక చదివే పళ్ళు వేరు, పేగు చదివే పళ్ళు వేరు.

ఇక పాల దగ్గరికి వస్తాను. పాలలోని లాక్టోజు, ఒక గెలాక్టోజూ ఒక గ్లూకోజూ బీటా బంధంతో కలిసినది. మన పేగులో ఆల్ఫా బంధాలు కోసేవి ఎన్నో ఉన్నాయి, బీటా బంధం కోసే ముఖ్యమైన ఎంజైము లాక్టేజు ఒక్కటే. అది తగ్గితే దాని పని అందుకునేవారు ఇంకెవరూ లేరు. క్షీరదాలన్నిటిలోనూ పాలు మానే వయసు దాటాక లాక్టేజు తయారీ తగ్గిపోవడం మామూలే. మనుషుల్లో కొన్ని జాతులలో మాత్రం అది పెద్దయ్యాకా కొనసాగుతుంది, లాక్టేజు జన్యువుకు పక్కన డి.ఎన్.ఎ.లో ఒక్క అక్షరం మార్పు దానికి కారణమని 2002లో ఫిన్లాండు పరిశోధకులు చూపించారు. మన దేశంలో ఆ మార్పు వాయవ్య ప్రాంతాల్లో ఎక్కువగానూ దక్షిణాన తక్కువగానూ కనిపిస్తుంది. నా మటుకు నాకు యాభై దాటాక రాత్రిపూట గ్లాసెడు పాలు తాగితే కడుపులో తుంగభద్ర పొంగినంత చప్పుడు. పెరుగన్నం, మజ్జిగ మాత్రం ఏ ఇబ్బందీ పెట్టవు, ఎందుకంటే తోడు వేసిన బాక్టీరియా లాక్టోజును కొంత ముందే ఖర్చు చేస్తుంది, మిగిలినదాన్ని కోయడానికి తన ఎంజైమును పేగు దాకా మోసుకొస్తుంది. చంటిబిడ్డలకు గట్టిగా విరేచనాలు పట్టినప్పుడు పేగు గోడ పైపొర రాలి, దాంతోపాటు లాక్టేజూ పోయి, కొన్నాళ్ళు పాలు పడకపోవడం కూడా ఇందువల్లే. పొర తిరిగి మొలిస్తే ఎంజైమూ తిరిగి వస్తుంది.

సభలో షుగరు జబ్బు ఉన్నవారు తప్పకుండా ఉంటారు, నేనూ ఆ బాపతే, కనుక ఒక మందు సంగతి చెప్పాలి. అకార్బోజు అనే మాత్రను అన్నం మొదటి ముద్దతో వేసుకోమంటారు. ఒక మట్టి బాక్టీరియా నుంచి తీసిన ఆ పదార్థం చూడ్డానికి నాలుగు చక్కెరల ఆల్ఫా దండలాగే ఉంటుంది, కాని కోయవలసిన చోట ఆక్సిజనుకు బదులు నైట్రోజను ఉంటుంది. ఎంజైము దాన్ని గాడిలోకి లాక్కుని, కోయలేక, వదల్లేక కూర్చుంటుంది. ఆ లోపల పిండిపదార్థం మెల్లగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఫిషర్ ఊహించిన చెవికి నకలు తయారుచేసి బీగంలో ఇరికించినట్టు. ఇది ఆల్ఫా బంధాల ఎంజైములకే నకలు కాబట్టి లాక్టేజు జోలికి పెద్దగా పోదు. దీనివల్ల ఒక జాగ్రత్త అవసరమవుతుంది: ఈ మాత్రతోపాటు ఇన్సులినో, చక్కెర దించే వేరే మాత్రలో వాడేవారికి రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరిగితే, ఇంట్లోవాళ్ళు కంగారుగా పంచదార నీళ్ళు పడతారు. పంచదారను కోయవలసిన సుక్రేజును ఆ మాత్రే ఆపి ఉంచింది కాబట్టి ఫలితం ఆలస్యమవుతుంది. అప్పుడు ఇవ్వవలసింది కోయాల్సిన అవసరమే లేని గ్లూకోజు పొడి.

ఇన్ని తిప్పలు లేకుండా, ఆమ్లంలాగా అన్ని బంధాలనూ కోసే ఒక్క ఎంజైము ఉంటే బాగుండేది కదా అని ఒకసారి ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. మన పేగు లోపలి గోడకు పూసి ఉన్న జిగురులో సింహభాగం చక్కెర దండలే, మన ప్రతి కణం పైనా చక్కెరల తొడుగు ఉంటుంది. రక్తంలో ఎ గ్రూపుకూ బి గ్రూపుకూ ఉన్న తేడా ఎర్రకణం మీది దండ కొసన ఉన్న ఒక్క చక్కెర తేడా. ఏది దొరికితే దాన్ని కోసే కత్తి పేగులోకి దిగితే అన్నం కంటే ముందు పేగునే కోస్తుంది. అంతేకాదు, తల్లిపాలలో లాక్టోజు కాకుండా పొడవాటి చక్కెరలు కొన్ని ఉంటాయి, వాటిని బిడ్డ ఏ ఎంజైమూ కోయలేదు. అవి బిడ్డ పేగులో ఉండవలసిన మేలు బాక్టీరియాకు మేత. తల్లి శరీరం శ్రమపడి తయారుచేసినది బిడ్డకు అరగకపోవడమే అక్కడ కావలసిన సంగతి.

సభ నుంచి ఒక చీటీ వచ్చింది, దానికి జవాబు చెప్పి ముగిస్తాను. "అయితే పత్తిని మనిషి ఎప్పటికైనా తినగలడా?" అని అడిగారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ సముద్రంలోని సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలు బూజు పట్టి చివికిపోయేవి. ఆ బూజు నుంచి వేరుచేసిన ట్రైకోడెర్మా అనే శిలీంధ్రమే నేడు ప్రపంచమంతా చొప్ప వంటి వ్యర్థాల నుంచి చక్కెర, దాని నుంచి ఇథనాలు తీయడానికి వాడే సెల్యులేజులకు, అంటే సెల్యులోజును కోసే ఎంజైములకు, మూలం. అందులో ఒక ఎంజైము గాడి సొరంగంలాగా ఉంటుంది, సెల్యులోజు దండ కొస అందులోకి దూరితే రెండేసి గ్లూకోజుల ముక్కలుగా కోసుకుంటూ పోతుంది. ఆ రెండు గ్లూకోజుల ముక్క పేరు సెల్లోబయోజు, దానిలోనిది బీటా బంధం. చిత్రమేమిటంటే, పాల కోసం ఉన్న మన లాక్టేజు ఆ ముక్కను కొంతవరకు కోయగలదు. అంటే పత్తి మీద చివరి కోత కోసే కత్తి పాలు తాగే ప్రతి చంటిబిడ్డ పేగులోనూ ఉంది. మొదటి కోత కోసే సొరంగం మాత్రం మనకు లేదు, అది ఆ గుడారాల బూజు దగ్గరే ఉంది.